టీవీ వంట షోలు: ఏవి నేర్పుతాయి, ఏవి కాలక్షేపం

వంట షో మంచిదో కాదో తేల్చుకోవడానికి నాకు ఒకటే కొలత. ఎపిసోడ్ చూసిన మర్నాడు, ఫోన్ ఎదురుగా పెట్టుకోకుండా, ఆ పని నా అంతట నేను చేయగలగాలి. చేయగలిగితే ఆ షో నాకు వంట నేర్పినట్టు. లేకపోతే కాలక్షేపం. కాలక్షేపాన్ని తక్కువ చేయడం లేదు, ఇన్నేళ్లలో నేను చూసినవాటిలో సగానికి పైగా అవే. కానీ రెండు రకాలనూ ఒకే గాటన కట్టి సలహాలిచ్చేవాళ్లను చూస్తే చిరాకు. "వంట నేర్చుకోవాలి, ఏం చూడమంటారు?" అని అడిగినవాళ్లకు ఏదో పోటీ షో పేరు చెప్తారు. పాపం వాళ్లు సీజన్ అంతా చూసి ప్లేటు మీద సాస్ చుక్కలు పెట్టడం నేర్చుకుంటారు. గుడ్డు ఉడికించడం మాత్రం రాదు.

గుడ్డు సంగతి వచ్చింది కాబట్టి, 1998లో బీబీసీలో వచ్చిన 'హౌ టు కుక్' గురించి చెప్పాలి. డెలియా స్మిత్ అందులో గుడ్డు ఎలా ఉడికించాలన్న దగ్గర్నుంచి మొదలుపెట్టింది. కొందరు షెఫ్‌లు వెక్కిరించారు కూడా. ఇప్పుడు చూస్తే నెమ్మదిగా, కాస్త చప్పగా ఉంటుంది. అయినా అసలేమీ రానివాళ్లకు నేను మొదట చెప్పే పేరు అదే.

చాలా షోలు మన దగ్గర దాచేది రహస్య మసాలా కాదు, సమయం. ఉల్లిపాయలే తీసుకోండి. సన్నటి మంట మీద అవి మెత్తబడి, రంగు తిరిగి, తియ్యదనం దిగాలంటే ముప్పావు గంట దాకా పడుతుంది. షోలో "ఐదు నిమిషాలు వేయించండి" అంటారు. ఆ మాట పూర్తయ్యేలోపే ముందుగా వేయించి పెట్టుకున్న గిన్నె పక్కనుంచి వచ్చేస్తుంది. అరగంట కార్యక్రమంలో ప్రకటనలు పోగా మిగిలేది ఇరవై నిమిషాల చిల్లర, వాళ్ల ఇబ్బంది వాళ్లది. కాకపోతే ఆ కత్తిరించిన భాగంలోనే అసలు వంట ఉంది. ఉల్లిపాయ నీరు వదిలి ముద్దగా కనిపించే దశ ఒకటి ఉంటుంది. ఆ తర్వాత అడుగున అంటుకోవడం మొదలవుతుంది. సరిగ్గా అక్కడే కొత్తవాళ్లు టెన్షన్ పడి మంట పెంచేస్తారు, మాడ్చేస్తారు. ఆ దశను తెరమీద ఎప్పుడూ చూడలేదు కాబట్టి, అది మామూలేనని వాళ్లకు తెలియదు.

ఈ విషయంలో పాత షోలే నయం. జూలియా చైల్డ్ చేసిన 'ది ఫ్రెంచ్ షెఫ్' 1963లో బాస్టన్‌లోని డబ్ల్యూజీబీహెచ్ స్టేషన్‌లో మొదలైంది, పదేళ్లు నడిచింది. డబ్బు తక్కువ కాబట్టి ఎపిసోడ్‌ను దాదాపు ఆపకుండా ఒకే ఊపులో తీసేవాళ్లు. అందువల్ల చేయి జారినవీ అలాగే ఉండిపోయాయి. పెనంలో బంగాళాదుంప అట్టును ఎగరేసి తిప్పబోతే సగం పొయ్యి మీద పడుతుంది. ఆవిడ ఏమాత్రం కంగారు పడకుండా ఆ ముక్కలు ఎత్తి మళ్లీ పెనంలో వేసి, తిప్పేటప్పుడు ధైర్యం చాలలేదని చెప్పి ముందుకెళ్తుంది. నలుపు తెలుపు బొమ్మ, అంతంత మాత్రం శబ్దం. అయినా పాడైన పనిని ఎలా సర్దుకోవాలో ఇంత బాగా చూపించిన షో తర్వాత నాకు ఎక్కువగా తగల్లేదు.

ఇక నేర్పే విషయంలో నా మొదటి ఓటు 'గుడ్ ఈట్స్'కే. ఫుడ్ నెట్‌వర్క్‌లో 1999లో మొదలైంది. ఆ షో నడిపే ఆల్టన్ బ్రౌన్ మొదట కెమెరా పని చేసి, తర్వాత వంట నేర్చుకున్నవాడు. అందుకే ఓవెన్ లోపలినుంచి, ఫ్రిజ్ లోపలినుంచి బొమ్మ తీస్తాడు. పిండి ఎందుకు పొంగుతుందో చెప్పడానికి ఈస్ట్‌ను త్రేన్చే బొమ్మలుగా చూపిస్తాడు. కొన్నిచోట్ల ఈ చిలిపితనం శ్రుతి మించుతుంది, ఒప్పుకుంటాను. కానీ ఆయన 'ఇలా చేయండి' అని ఆపేయడు, ఎందుకో చెప్తాడు. ఉదాహరణకు, మాంసమో కూరగాయో ఎర్రగా వేగాలంటే పైభాగం ఎందుకు పొడిగా ఉండాలన్నది. ఆ రంగూ వాసనా చురుగ్గా రావాలంటే వేడి సుమారు 140 డిగ్రీల సెల్సియస్ దాటాలి. తడి ఉన్నంతసేపూ అక్కడ వేడి 100 దగ్గరే ఆగిపోతుంది. పెనం నిండా కుక్కినా ఇదే జరుగుతుంది, ఆవిరి పోయే దారి లేక వేగాల్సింది ఉడుకుతుంది. ఇది ఒకసారి బుర్రకెక్కితే వంద రెసిపీల్లో పనికొస్తుంది. ఒకే పనికి తప్ప దేనికీ పనికిరాని వంట పరికరాలంటే ఆయనకు పడదు, మంటలార్పే సిలిండర్‌కు తప్ప వంటింట్లో వాటికి చోటు లేదంటాడు. ఆ మాట విన్నాక నా డ్రాయర్ సగం ఖాళీ అయింది.

'అమెరికాస్ టెస్ట్ కిచెన్' 2001 నుంచి అమెరికా పబ్లిక్ టీవీ అయిన పీబీఎస్‌లో వస్తోంది. ఒకే వంటకాన్ని పదేపదే చేసి చూసి, ఏది ఎందుకు కుదరలేదో చెప్పి, చివరికి కుదిరినదాన్ని చూపిస్తారు. కత్తులు, పెనాలు కూడా పక్కపక్కన పెట్టి పరీక్షిస్తారు, ఆ భాగం ఒక్కటే చూసినా లాభమే. నాకున్న ఫిర్యాదు ఒకటే, వాళ్ల పద్ధతిలో చేస్తే సింకు నిండా గిన్నెలు. కడిగేవాళ్లు వేరే ఉన్నారన్న ధీమా తెలిసిపోతుంటుంది. పైగా కొలతల విషయంలో మరీ పట్టుదల. కొత్తవాళ్లకు అది భరోసా, కొంచెం చేయి తిరిగినవాళ్లకు విసుగు.

ఆ విసుగు పుట్టిన దశలో చూడాల్సింది 'సాల్ట్ ఫ్యాట్ యాసిడ్ హీట్'. నెట్‌ఫ్లిక్స్‌లో 2018లో వచ్చింది, నాలుగే ఎపిసోడ్లు. కొవ్వు కోసం ఇటలీ, ఉప్పు కోసం జపాన్, పులుపు కోసం మెక్సికోలోని యుకటాన్, వేడి కోసం కాలిఫోర్నియా. షో నడిపే సమీన్ నోస్రత్ కొలతల మీద కంటే రుచి చూడటం మీద ఎక్కువ నిలుస్తుంది. ఏదైనా చప్పగా ఉంటే మళ్లీ ఉప్పే వేయకుండా, పులుపు తక్కువైందేమో చూసుకోవడం నాకు అలవాటైంది ఆ షో వల్లే. రెసిపీలు కావాలనుకునేవాళ్లకు మాత్రం నచ్చదు, అందులో అవి తక్కువ.

పోటీల్లో నాకు పనికొచ్చింది 'ది గ్రేట్ బ్రిటిష్ బేక్ ఆఫ్' ఒక్కటే అనొచ్చు. 2010లో బీబీసీలో మొదలై 2017లో ఛానల్ 4కు మారింది. అందులో టెక్నికల్ ఛాలెంజ్ ఉంటుంది. అందరికీ ఒకే రెసిపీ ఇస్తారు, కానీ సగం వివరాలు మాయం. ఎంతసేపు, ఎంత వేడి అన్నది పోటీదారులే ఊహించుకోవాలి. పాపం ఓవెన్ ముందు నేలమీద కూర్చుని అద్దంలోంచి చూస్తుంటారు. జడ్జిలు తర్వాత ముక్క కోసి, అడుగు పచ్చిగా ఉందో, పిండిని ఎక్కువ పిసికారో, పొంగనివ్వకుండా తొందరపడ్డారో చెప్తారు. తప్పును చూసి కారణం పట్టుకోవడం అలా కంటికి అలవాటవుతుంది. గెలిచినవాళ్లకు ఇచ్చేది కేక్ స్టాండు, డబ్బు లేదు. బహుశా అందుకేనేమో పోటీదారులు ఒకరికొకరు సాయం చేసుకుంటుంటే చూడటానికి హాయిగా ఉంటుంది.

'మాస్టర్‌షెఫ్ ఆస్ట్రేలియా' కూడా మనుషుల్ని తిట్టకుండా నడిచే షోనే. కాకపోతే చాలా సీజన్లు 60 ఎపిసోడ్లు దాటాయి, అంత ఓపిక నాకు లేదు. 2010లో దాని ఫైనల్‌కు అడ్డు రాకూడదని ఆస్ట్రేలియాలో ఎన్నికల చర్చ సమయాన్నే మార్చారు, అంతటి మోజు దానిది. నేర్చుకోవాలనుకునేవాళ్లు ఎలిమినేషన్లు వదిలేసి, జడ్జిలే వండి చూపించే మాస్టర్‌క్లాస్ ఎపిసోడ్లు మాత్రం వెతుక్కుంటే చాలు. జపాన్ 'ఐరన్ షెఫ్' సంగతి వేరు. 1993 నుంచి 1999 దాకా ఫుజి టీవీలో నడిచిన అసలుది అచ్చం కుస్తీ పోటీలా సాగే వంట పోటీ. దాన్నుంచి ఏమీ నేర్చుకోలేం, ఎపిసోడ్ వదల్లేం.

నష్టాల్లో ఉన్న రెస్టారెంట్లను షెఫ్ గోర్డన్ రామ్సే గాడిలో పెట్టబోయే 'కిచెన్ నైట్‌మేర్స్' చూడాలనుకుంటే 2004లో ఛానల్ 4లో మొదలైన బ్రిటిష్ సీరీస్ చూడండి. 2007లో వచ్చిన అమెరికన్ రూపంలో ఏదైనా మాట అనగానే డమడమమంటూ సంగీతం, నాలుగుసార్లు అదే షాట్. బ్రిటిష్‌దానిలో మెనూ ఎందుకు కుదించాలి, నిల్వ సరుకు ఎలా దెబ్బతీస్తుంది అన్నది ప్రశాంతంగా వినిపిస్తుంది.

తిండి కోసం తిరిగే షోల్లో ఆంథనీ బోర్డైన్‌వి 'నో రిజర్వేషన్స్', 'పార్ట్స్ అన్‌నోన్' రెండూ చూశాను, రెండోదే మేలు. 'షెఫ్స్ టేబుల్' బొమ్మలు అద్భుతం. కానీ నెమ్మదిగా కదిలే కెమెరా, వయొలిన్, షెఫ్ బాల్యం, ఈ వరస నాలుగో ఎపిసోడ్‌కే కంఠతా వచ్చేస్తుంది. నిద్ర పట్టనప్పుడు మంచిది.

అన్ని షోల మీదా నాకున్న ఒక కోపం చెప్పి ముగిస్తాను. పచ్చి మాంసం ముట్టుకున్న చేత్తోనే ఉప్పు డబ్బా, మిరియాల మర తీస్తారు. చేతులు కడుక్కున్నది ఎడిటింగ్‌లో పోయిందో, అసలు కడుక్కోలేదో తెలియదు. రెండు సెకన్లు కుళాయి చూపిస్తే పోయేదేముంది? చూసి నేర్చుకునేవాళ్లు అదీ నేర్చుకుంటారు. అందుకే పిల్లలతో కలిసి చూసేటప్పుడు నేను ఆ చోట ఆపి మరీ చెప్తాను. వాళ్లకు అది నచ్చదు, "ముందు కానివ్వండి" అని గోల చేస్తారు.