హీలియోస్ 44-2: కొత్త కెమెరాపై పాత లెన్సు

సోవియట్ కాలపు జెనిత్ ఫిల్మ్ కెమెరాలతో వచ్చిన హీలియోస్ 44-2 (58 మి.మీ., ఎఫ్/2) లెన్సును ఎం42 (మరతో బిగించే పాత పద్ధతి) అడాప్టర్‌తో ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరాకు బిగించి వాడుతున్నాను. ఎం42 మౌంటు, అంటే లెన్సు బిగించే చోటు, సెన్సారుకు 45.46 మి.మీ. దూరంలో ఉండాలి, సోనీ మిర్రర్‌లెస్ కెమెరాల ఈ-మౌంట్‌లో ఆ దూరం 18 మి.మీ. కనుక, మిగతా 27.46 మి.మీ.ను పూరించడమే అడాప్టర్ పని. అందులో గాజు ఉండదు, ఉండనక్కర్లేదు కూడా. దాని మందం వెంట్రుకవాసి ఎక్కువైనా దూరపు కొండలపై ఫోకస్ కుదరదు. కాస్త తక్కువైతే మాత్రం లెన్సు మీది దూరపు అంకెలు తప్పుతాయి, అంతే.

ఎపర్చర్‌కు (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రానికి) రెండు రింగులున్నాయి: ఒకటి ఎంతవరకు మూయాలో నిర్ణయిస్తుంది, రెండోది టిక్కుమనకుండా మెత్తగా తిరుగుతూ అంతవరకే మూస్తుంది. వీడియో తీసేవారికి ఇది వరమే.

ఎపర్చర్ పూర్తిగా తెరిచిన ఎఫ్/2 వద్ద మధ్యభాగం స్పష్టంగా, అంచులు మెత్తగా వస్తాయి. మనిషిని దగ్గరగా నిలబెట్టి, కొంత వెనుక ఆకుల సందుల్లోంచి వెలుతురు పడేలా చూసుకుంటే, ఆ వెలుగుచుక్కలు అంచుల వైపు పిల్లికళ్లలా సాగి, ముఖం చుట్టూ సుడి తిరిగినట్టు కనిపిస్తాయి. ఫుల్‌ఫ్రేమ్ కన్నా చిన్నదైన ఏపీఎస్-సీ సెన్సారులో ఆ అంచులే కత్తిరించుకుపోతాయి కాబట్టి, కేవలం సుడి కోసం కొనేవారు ఆలోచించుకోవాలి. ఎదురెండలో కాంట్రాస్ట్ బాగా పడిపోతుంది. నాకది నచ్చుతుంది, అందరికీ నచ్చదు.

ఆటోఫోకస్ ఉండదు. ఎఫ్/2 వద్ద ఫోకస్ పీకింగ్ (ఫోకస్ కుదిరిన అంచులపై కెమెరా చూపే) రంగు గీతలను నమ్మడం కన్నా దృశ్యాన్ని పెద్దది చేసి చూడటం మేలు. కెమెరా ఈ లెన్సును గుర్తించదు కనుక, ‘లెన్సు లేకున్నా షట్టర్ పనిచేయాలి’ అని మెనూలో అమర్చి, చేతి వణుకును సరిచేసే స్టెబిలైజేషన్‌కు 58 మి.మీ. అని నమోదు చేయాలి.