సీలింగ్ గీకించే ముందు ఆస్బెస్టాస్ టెస్ట్: పీణ్య ల్యాబ్ సర్వీస్ ఎలా ఉంది

రేటింగ్: 5కి 4. పాత ఇల్లు కొని రిపేరు పని మొదలుపెట్టబోతున్న వాళ్లు ఇది పూర్తిగా చదవండి.

బెంగళూరు రాజాజీనగర్‌లో మేం కొన్న ఇల్లు 1970లలో కట్టింది. హాల్లో సీలింగ్ అంతా రవ్వ చల్లినట్టు గరుగ్గా ఉంటుంది, టీవీ ఉన్న గోడకి కూడా అదే ఫినిష్. మేడ మీద తర్వాతెప్పుడో వేసిన గది ఒకటి ఉంది. దానికి పైన సిమెంటు రేకులు, రేకుల కింద తెల్ల పెయింటు కొట్టిన బోర్డులతో ఫాల్స్ సీలింగ్. ఇంటీరియర్ పని ఒప్పుకున్న వాళ్లు హాలు సీలింగ్ మొత్తం గీకేసి, మెషిన్‌తో సాండింగ్ చేసి, పుట్టీ పెడతామన్నారు. న్యూజెర్సీలో ఉండే మా వదిన వీడియో కాల్‌లో ఆ సీలింగ్ చూసి, టెస్ట్ చేయించకుండా దాని మీద చెయ్యి వేయనివ్వొద్దని గట్టిగా చెప్పింది. అలా వెతగ్గా పీణ్య ఇండస్ట్రియల్ ఏరియాలో ఆస్బెస్టాస్ (రాతినార, అంటే పీలిస్తే ఊపిరితిత్తులకి ప్రమాదమైన సన్న నారలుండే ఖనిజం) పరీక్ష చేసే ప్రైవేటు ల్యాబ్ ఒకటి దొరికింది.

మా వదిన భయానికి కారణం ఉంది. అమెరికాలో ఇలాంటి గరుకు సీలింగ్‌ని పాప్‌కార్న్ సీలింగ్ అంటారు. ఒకప్పుడు ఆ స్ప్రేలో ఆస్బెస్టాస్ కలిపేవాళ్లు. 1978లో దాన్ని నిషేధించినా, అప్పటికే తయారైన సరుకు వల్ల 80లలో కట్టిన ఇళ్లలో కూడా కనిపిస్తుంటుంది. బ్రిటన్‌లో ఆర్టెక్స్ అనే డిజైన్ పూతదీ ఇదే కథ. 80ల మధ్య వరకు అందులో తెల్ల ఆస్బెస్టాస్ అనే రకం ఉండేది, ఆ దేశం పూర్తిగా నిషేధించింది మాత్రం 1999లో. మన దేశంలో తెల్ల ఆస్బెస్టాస్ మీద ఇప్పటికీ పూర్తి నిషేధం లేదు. రష్యా లాంటి దేశాల నుంచి దిగుమతి అవుతోంది, ఎక్కువ భాగం రేకుల తయారీకే పోతోంది. నాది కడప జిల్లా, మా పులివెందుల వైపు ఒకప్పుడు రాతినార గనులే ఉండేవి. అయినా ఇంటి గోడలో, సీలింగ్‌లో అది ఉండొచ్చని మాకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

ఇక సర్వీస్ సంగతి. ఫోన్ చేస్తే రెండు దారులు చెప్పారు: ముక్క మనమే తీసి కొరియర్ చేయొచ్చు, లేదా వాళ్ల మనిషి వచ్చి తీసుకెళ్తాడు. రెండోదానికి కొంచెం ఎక్కువ తీసుకుంటారు. ఆ ఎక్కువ డబ్బు నూటికి నూరుపాళ్లు పెట్టదగ్గదే. ఎందుకంటే ముక్క తీసేటప్పుడే దుమ్ము లేస్తుంది, అసలు ప్రమాదమంతా ఆ దుమ్ము పీల్చడంలోనే ఉంది. కదలకుండా, పగలకుండా, పెయింటు కింద ఉన్నంతవరకు ఆస్బెస్టాస్ ఉన్న పూత నుంచి నారలు పెద్దగా బయటికి రావు.

వచ్చిన కుర్రాడిది హిందూపురం, తెలుగు వినగానే "అక్కా" అని మొదలుపెట్టాడు. ముందు ఫ్యాన్ ఆపించి, కిటికీలు మూయించి, పిల్లల్ని పక్కింటికి పంపమన్నాడు. కింద ప్లాస్టిక్ షీటు పరిచాడు. తను వేసుకున్నది మామూలు సర్జికల్ మాస్కు కాదు, రెండు పక్కలా అతి సన్న దుమ్ముని కూడా ఆపే గుండ్రటి పీ100 ఫిల్టర్లు ఉండే హాఫ్ ఫేస్ మాస్కు. సబ్బు నీళ్లు స్ప్రే చేసి, సీలింగ్ తడిసి మెత్తబడ్డాక, పైపూత ఒక్కటే గీకి ఊరుకోకుండా లోపలి ప్లాస్టర్ దాకా చిన్న ముక్క తీసి, రెండు కవర్లలో పెట్టి, ఎక్కడ తీశాడో పేరు రాసి, ఆ గుంటని వెంటనే పుట్టీతో మూసేశాడు. హాల్లోనే మూడు వేర్వేరు చోట్ల తీశాడు. ఒకచోట చాలదా అని అడిగితే, పాతరోజుల్లో చేత్తో కలిపిన మాలు అన్నిచోట్లా ఒకేలా ఉండదు, ఒక మూల లేకపోయినా ఇంకో మూల ఉండొచ్చు అన్నాడు. తర్వాత చూస్తే అమెరికాలో స్కూళ్లకి పెట్టిన నియమం కూడా ఇదే, ఇలాంటి పూత 1,000 చదరపు అడుగుల లోపు ఉంటే కనీసం మూడు శాంపిళ్లు తీయాలి.

పని అయిపోయి బయల్దేరేటప్పుడు "పైన ఏమైనా ఉందా అక్కా" అని తనే అడిగాడు. ఈ ల్యాబ్‌కి నేను నాలుగు స్టార్లు ఇవ్వడానికి ముఖ్య కారణం ఈ ఒక్క ప్రశ్న. మేడ గది ఫాల్స్ సీలింగ్ చూసి, అంచు దగ్గర అప్పటికే విరిగి ఉన్న ముక్క నుంచి ఇంకో శాంపిల్ తీసుకెళ్లాడు.

రిపోర్టు ఏం చెప్పిందంటే, హాలు సీలింగ్‌లో, గోడలో ఆస్బెస్టాస్ లేదు. సిమెంటు, ఇసుక, సున్నం అంతే. మేడ మీద బోర్డులో మాత్రం తెల్ల ఆస్బెస్టాస్ ఉంది. పరీక్ష పీఎల్ఎం పద్ధతిలో చేశారు, అంటే ప్రత్యేకమైన కాంతి కింద మైక్రోస్కోప్‌లో చూసి నార ఏ రకమో పోలుస్తారు. కంటితో చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు.

ఇప్పుడు అసలు విషయం. మా టెన్షన్ అంతా హాలు గురించి. కానీ ఇంటీరియర్ వాళ్ల ప్లాన్‌లో మేడ గది బోర్డులకి వరసగా రంధ్రాలు కోసి లైట్లు పెట్టడం కూడా ఉంది. కటింగ్ మెషిన్‌తో, పొడిగా, తలపైన. రిపోర్టు చూపిస్తే ఆ సూపర్‌వైజర్ "మా వాళ్లు ఇరవై ఏళ్లుగా ఇవే కోస్తున్నారు మేడమ్, ఎవరికీ ఏం కాలేదు" అన్నాడు. నాకు చాలా కోపం వచ్చింది. ఆస్బెస్టాస్ వల్ల వచ్చే మెసోథెలియోమా (ఎక్కువగా ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకి వచ్చే క్యాన్సర్), ఊపిరితిత్తుల క్యాన్సర్ చాలావరకు ఇరవై నుంచి నలభై ఏళ్ల తర్వాతే బయటపడతాయి. ఈరోజు కోసిన మనిషికి జబ్బు తెలిసేసరికి ఆ సూపర్‌వైజర్ ఎక్కడ ఉంటాడో, ఆ పనివాడు ఏ ఊళ్లో ఉంటాడో. పనికి వచ్చే కుర్రాళ్లు మూతికి తువ్వాలు కట్టుకుని, అదే గదిలో అన్నం తిని, అక్కడే పడుకుంటారు. వాళ్ల ఊపిరితిత్తులకి విలువ లేదా? ఆ పని మా ఇంట్లో జరగనివ్వలేదు.

ల్యాబ్ అనలిస్టుకి ఫోన్ చేస్తే ఓపిగ్గా చెప్పారు. బోర్డులు గట్టిగానే ఉన్నాయి కాబట్టి పీకాల్సిన పని లేదు, విరిగిన అంచుని సీల్ చేసి మొత్తానికి మళ్లీ పెయింటు వేయండి, మేకులు, డ్రిల్లింగ్ వద్దు, లైట్లు గోడలకి పెట్టుకోండి అన్నారు. అలాగే చేశాం. పైన ఉన్న రేకుల గురించి కూడా అడిగాను. ఎప్పుడైనా తీయించాల్సి వస్తే తడిపి, బోల్టులు విప్పి, పగలగొట్టకుండా పూర్తి రేకునే దించాలట. రాలిన దుమ్ముని చీపురుతో గానీ మామూలు వాక్యూమ్ క్లీనర్‌తో గానీ ఎత్తకూడదు, ఆ సన్న నారలు దాని ఫిల్టర్ దాటి మళ్లీ గాల్లోకే వస్తాయి. అతి సన్న నారల్ని కూడా పట్టి ఉంచే హెపా ఫిల్టర్ ఉన్న వాక్యూమే కావాలి. హాలు సీలింగ్ మాత్రం గీకించాం, అదీ తడిపి, మాస్కులు ఇచ్చి. ఆస్బెస్టాస్ లేకపోయినా సిమెంటు, ఇసుక దుమ్ములో సిలికా ఉంటుంది, అదీ ఊపిరితిత్తులకి చెడ్డదే.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, రిపోర్టు చెప్పిన రోజుకి రాలేదు, మేమే ఫోన్ల మీద ఫోన్లు చేయాల్సి వచ్చింది. వచ్చింది కూడా ఉత్త ఇంగ్లిష్ టేబుల్. ఏ శాంపిల్ ఏ మూల నుంచి తీశారో ఫొటో లేదు, తర్వాత ఏం చేయాలో ఒక్క ముక్క రాయలేదు. అనలిస్టు ఫోన్‌లో చెప్పిందంతా కాగితం మీద ఉంటే కాంట్రాక్టరుకి చూపించడం తేలికయ్యేది. తొలగించే పని వీళ్లు చేయరు, వ్యర్థాలు ఎక్కడికి పంపాలో కూడా కాలుష్య నియంత్రణ మండలిని అడగమన్నారు.

ఖర్చు సంగతి అడిగేవాళ్లకి: శాంపిల్‌కి ఇంత అని తీసుకుంటారు, మాకు అన్నీ కలిపి హాలు పెయింటు కూలీలో చిన్న భాగమే అయింది. బుక్ చేసేటప్పుడు వాళ్ల మనిషే వచ్చి తీయాలని, ఒక్కో గదికి ఒక్క శాంపిల్ చాలదని ముందే చెప్పండి. రేకుల గదులు, పాత ఫాల్స్ సీలింగ్ బోర్డులు ఉంటే వాటినీ మీరే అడిగి లిస్టులో రాయించండి.