4.88 నుంచి 5.38కి: జీపు క్రౌన్ పినియన్లు మార్చి చాలాకాలం నడిపాక

నాది పాత మహీంద్రా డీజిల్ జీపు. పొట్టి ఛాసిస్, నాలుగు గేర్ల బాక్సు, చేత్తో లివర్ లాగి వేసే ఫోర్ వీల్. ఇరుసుల్లో 4.88 క్రౌన్ పినియన్లు, అంటే ఇంజన్ తిప్పుడును చక్రాలకు అందించే పళ్ల గేర్ల జతలు, ఉండేవి. చిన్న పినియన్ 4.88 చుట్లు తిరిగితే పెద్ద క్రౌన్ ఒక చుట్టు తిరుగుతుంది, ఆ అంకె అదే. 31 అంగుళాల టైర్లు వేశాక బండిలో లాగుడు తగ్గింది. దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి ముందూ వెనకా 5.38 వేయించాను. ఆ తర్వాత ఎండలు, వానలు, బత్తాయి కోతలు చాలానే గడిచాయి. పని మంచిదే. కానీ గేర్లు మార్చగానే జీపు కాస్తా ట్రాక్టరైపోతుందని ఆశపడేవాళ్లకు మాత్రం నిరాశ తప్పదు.

ఎందుకో లెక్క చూస్తే తెలుస్తుంది. పాత టైరు ఎత్తు సుమారు 28 అంగుళాలు. టైరు పెద్దదైతే ఒక్కో చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది, ఆ భారమంతా ఇంజన్ మీద పడుతుంది. 31ని 28తో భాగించి 4.88తో గుణిస్తే 5.40 వస్తుంది. దొరికేవాటిలో దానికి దగ్గరిది 5.38. రెండు సెట్లలోనూ పినియన్‌కు 8 పళ్లే. క్రౌన్‌కు 39 ఉంటే 4.88, 43 ఉంటే 5.38. రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ జీపులో 4.88 ఉండేది. యుద్ధమయ్యాక రైతుల కోసం తెచ్చిన సీజే-2ఏలో 5.38 వేశారు. అంటే పొలానికి ఏది సరిపోతుందో వాళ్లకు అప్పుడే తెలుసన్నమాట. నా బండికి కొత్తగా వచ్చిన బలమేమీ లేదు. టైర్లు పది శాతం తీసుకున్నాయి, గేర్లు పది శాతం తిరిగిచ్చాయి.

ఆ పది శాతం రోడ్డు మీద అంతగా తెలియదు, గుట్ట మీద తెలుస్తుంది. మాది దేవరకొండ వైపు. చందంపేట దారుల్లో గులకరాళ్ల ఎక్కుళ్లు, వానకు కోసుకుపోయిన ఒర్రెలు, మధ్యలో బండరాళ్లు. పెద్ద టైర్ల మీద 4.88 ఉన్నప్పుడు అక్కడ ప్రతిసారీ క్లచ్‌ను సగం తొక్కి పట్టుకోవాల్సి వచ్చేది. కాలిన వాసన ముక్కుకు తగిలేది. ఇప్పుడు లో రేంజిలో (వేగం తగ్గించి లాగుడు పెంచే రెండో లివర్ స్థానం) మొదటి గేరు వేసి, క్లచ్ పూర్తిగా వదిలేసి, యాక్సిలరేటర్ మీద కాలు ఊరికే ఆనిస్తే చాలు, బండి రాయి మీద నుంచి రాయి మీదికి తనంతట తనే పాకుతుంది. ఎరువు బస్తాలు వేసుకుని చెలకలోకి దిగినప్పుడు రెండో గేరే సరిపోతోంది, ఇదివరకు మొదటికి రావాల్సి వచ్చేది. నల్లరేగడి బురదలో మాత్రం గేరు కంటే టైరు పళ్లే ముఖ్యం. అక్కడ 5.38 వల్ల ఒరిగింది తక్కువే.

దిగేటప్పుడు ఇంకా నచ్చింది. దోమలపెంట నుంచి శ్రీశైలం డ్యామ్ దగ్గరికి దిగే మలుపుల్లో ఇంజనే బండిని ఆపి పట్టుకుంటుంది, బ్రేకు మీద కాలు పెట్టే అవసరం బాగా తగ్గింది. (అది పులుల అభయారణ్యం. ఫోర్ వీల్ ఉంది కదా అని రోడ్డు దిగే సరదా అక్కడ వద్దు.)

ఇక పట్నం ప్రయాణం. నాలుగో గేరులో గంటకు 80 కిలోమీటర్లు పోతే, పెద్ద టైర్ల మీద 4.88కి లెక్క ప్రకారం ఇంజన్ సుమారు 2,630 చుట్లు తిరిగేది. ఇప్పుడు 2,900 తిరుగుతోంది. మల్లేపల్లి దాటి మాల్ మీదుగా ఇబ్రహీంపట్నం చేరేసరికి చెవులు గింగురుమంటాయి. నేను 70 దగ్గరే ఉంటాను. ఎదురుగాలిలోనూ చిన్న ఎత్తుల మీదా మూడో గేరుకు దిగే పని తప్పింది కాబట్టి డీజిల్ ఖర్చులో తేడా ఏమీ కనిపించలేదు. ఇంకో లాభం నేను అనుకోనిది. ఈ జీపుల్లో స్పీడోమీటర్ కేబుల్ ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి, అంటే ముందు వెనక ఇరుసులకు తిప్పుడు పంచే పెట్టె నుంచి, వస్తుంది. పెద్ద టైర్లతో అది 60 చూపిస్తే అసలు వేగం 66 ఉండేది. గేర్లు మార్చాక మళ్లీ సరిగ్గా చూపిస్తోంది.

అసలు తలనొప్పంతా బిగింపుతోనే. మొదట చేసిన షాపువాళ్లు వెనకది మాత్రం మార్చి, ముందుది తర్వాత చూద్దామన్నారు. అలా అస్సలు ఒప్పుకోకండి. రెండు ఇరుసుల నిష్పత్తి వేరైతే ఫోర్ వీల్ వేయగానే ఒకదాన్నొకటి బిగించుకుంటాయి, గట్టి నేల మీద ఏదో ఒకటి విరుగుతుంది. సరే, రెండూ వేశారు. పళ్ల మధ్య సందు కొలిచే డయల్ గేజ్ లేదు, చేత్తో ఊపి చూసి మూత బిగించేశారు. యాభై దాటితే యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా ఊళ, వెనక హౌసింగ్ (ఈ గేర్లుండే ఇరుసు డబ్బా) మీద చెయ్యి ఆనించలేనంత వేడి. నల్గొండలో ఇంకో ముసలి మెకానిక్ విప్పి, పళ్లకు రంగు పూసి తిప్పి చూపించాడు. గుర్తు పంటి మధ్యలో పడాల్సింది ఒక కొసకు పడింది. "చప్పుడు వస్తదా రాదా అన్నది షిమ్ముల కాడనే ఉంటది సార్" అన్నాడు. పినియన్ లోతుకు షిమ్ములు (సందు సరిచేసే పల్చటి రేకు వాషర్లు) మార్చి, పళ్ల మధ్య సందు 0.15 నుంచి 0.25 మిల్లీమీటర్ల లోపు పెట్టాడు. ఆ రోజు నుంచి ఊళ లేదు. కూలి దాదాపు సామాను ధరంత అయింది, అయినా నా దృష్టిలో ఈ పని మొత్తంలో దండగ కాని ఖర్చు అదే.

కొత్త గేర్లకు మొదట్లో కొంచెం ఓపిక కావాలి. మొదటి కొన్ని ప్రయాణాలు ఇరవై ముప్ఫై కిలోమీటర్లు మెల్లగా పోయి, హౌసింగ్ చల్లారాకే మళ్లీ కదిలించాను. ట్రెయిలర్ తగిలించలేదు. 800 కిలోమీటర్లకు గేర్ ఆయిల్ మార్చినప్పుడు అయస్కాంతానికి మెత్తటి ఇనుప పొడి అంటుకుంది, అది మామూలే. రేణువులు, ముక్కలు కనిపిస్తేనే టెన్షన్ పడాలి. వాగు దాటే అలవాటుంటే బ్రీదర్‌కు (హౌసింగ్ లోపలి గాలి వచ్చిపోయే చిన్న రంధ్రం) పైపు తగిలించి బానెట్ కిందికి ఎత్తులో కట్టించండి. వేడెక్కిన హౌసింగ్ నీళ్లలో ఒక్కసారిగా చల్లబడితే సీళ్ల లోంచి నీళ్లు పీల్చుకుంటుంది. డిండి వాగు తర్వాత ఒకసారి నా ముందు ఇరుసు ఆయిల్ మజ్జిగ రంగులో వచ్చింది. ముందు హాఫ్ షాఫ్టు క్రాస్ బేరింగులు (ముందు చక్రాలను తిప్పే కడ్డీల కీళ్లు) కూడా ఇదివరకటి కంటే తొందరగా అరుగుతున్నాయి. పెద్ద టైరూ, బలమైన గేరూ కలిస్తే ఆ దెబ్బ పడేది వాటి మీదే.

రోజూ హైవే మీద పట్నం తిరిగేవాళ్లకూ, 28 అంగుళాల టైర్లతోనే ఉన్నవాళ్లకూ ఇది చెప్పను. వాళ్లకు 4.88 చాలు. పాత సామాను షాపులో సెట్ కొనేవాళ్లు మాత్రం క్రౌన్ మీదా పినియన్ మీదా చెక్కిన జత నంబర్లు ఒకటేనో కాదో చూసుకోండి. రెండూ కలిపి అరగదీసి తయారుచేసినవి, వేరే జతవి కలిపితే ఎన్ని షిమ్ములు వేసినా ఊళ పోదు. నంబరు చెరిగిపోయిన సెట్ సగం ధరకు ఇస్తానన్నా నేను తీసుకోను.