లక్ష కిలోమీటర్లు దాటిన సీఎన్‌జీ కారు, బెజవాడ ఎండల్లో

సీఎన్‌జీ కారు కొనమంటారా వద్దంటారా అని ఎవరైనా అడిగితే నేను ముందు అడిగేది ఒకటే, మీరు రోజూ వెళ్ళే దారిలో గ్యాస్ బంకు ఉందా అని. ఉందంటే మిగతాది మాట్లాడుకోవచ్చు. లేదంటే పెట్రోలు బండి కొనుక్కుని హాయిగా ఉండండి, ఎందుకంటే మైలేజీలో మిగిలే డబ్బు బంకు వెతుక్కుంటూ తిరగడానికే అయిపోతుంది, చిరాకు అదనం.

నాది లీటరు ఇంజిన్ చిన్న కారు, కంపెనీలోనే సీఎన్‌జీ బిగించి ఇచ్చినది, స్విచ్ నొక్కితే పెట్రోలు మీద కూడా నడుస్తుంది. ఏ కంపెనీ అన్నది రాయట్లేదు, నేను చెప్పబోయేది ఇంధనం గురించి కాబట్టి ఏ బండికైనా చాలావరకు ఇదే వర్తిస్తుంది. విజయవాడలో ఉంటాను, ఏలూరు, గుంటూరు వైపు ఉద్యోగం పని మీద తిరుగుడు ఎక్కువ. లక్ష దాటి చాలాకాలమైంది, ఇంజిన్ ఇంతవరకు విప్పలేదు.

మైలేజీ సంగతి మొదట చెప్పేస్తాను. టౌన్లో ఏసీ వేసుకుని కిలోకి 25 దాకా, హైవే మీద 80 దాటకుండా వెళ్తే 30 వరకు వస్తోంది. బ్రోచర్లో రాసింది ఎప్పుడూ రాలేదు, ఎవరికీ రాదు కూడా. ఇక్కడ చాలామంది లెక్క తప్పుతారు. కిలో గ్యాస్‌ని లీటరు పెట్రోలుతో పోల్చి ఇంజిన్ ఏదో అద్భుతం చేస్తోందనుకుంటారు. కిలో సీఎన్‌జీలో ఉండే శక్తి లీటరున్నర పెట్రోలుకి దగ్గర్లో ఉంటుంది, అందుకే ఎక్కువ దూరం వెళ్తుంది, అంతే. లాభం వచ్చేది రేటు తేడాలో. నెలకి వెయ్యి కిలోమీటర్లు కూడా తిరగని వాళ్ళకి సీఎన్‌జీ మోడల్‌కి అదనంగా పెట్టిన డబ్బు తిరిగి రావడానికి ఏళ్ళు పడుతుంది, వాళ్ళకి నేను వద్దనే చెప్తాను.

పికప్ తక్కువే. గ్యాస్ ఇంజిన్లోకి పోయేటప్పుడు గాలి ఉండాల్సిన చోటు కొంత అదే ఆక్రమిస్తుంది కాబట్టి పవర్ పది శాతం, కొన్ని బండ్లలో ఇంకొంచెం ఎక్కువే తగ్గుతుంది. బందరు రోడ్డు ట్రాఫిక్‌లో ఇది తెలియదు. నలుగురం, సామాను, ఏసీతో దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే బాగా తెలుస్తుంది. అక్కడ నేను మొహమాటం లేకుండా పెట్రోలు స్విచ్ నొక్కేస్తాను, లారీ వెనక ఇరుక్కుని ఓవర్‌టేక్ కోసం టెన్షన్ పడటం కంటే రెండు లీటర్ల పెట్రోలు కాలినా పర్వాలేదు.

ఇక భయం సంగతి. కొన్న కొత్తల్లో మా మావగారు "డిక్కీలో బాంబు పెట్టుకుని పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెడతారా బాబూ" అన్నారు. ఆయన భయం అర్థంలేనిదేం కాదు, ఆ సిలిండర్లో గ్యాస్ 200 బార్ ఒత్తిడిలో ఉంటుంది, అంటే టైర్లో గాలి ఒత్తిడికి దాదాపు 90 రెట్లు. కానీ ఇన్నేళ్ళు వాడాక నా అభిప్రాయం ఏంటంటే, బండిలో అన్నిటికంటే గట్టిది ఆ సిలిండరే, మనం భయపడాల్సింది మిగతావాటి గురించి. మందమైన ఉక్కుతో, పని ఒత్తిడి కంటే చాలా ఎక్కువ ఒత్తిడి పెట్టి పరీక్షించాకే అది బయటికి వస్తుంది. వేడెక్కిపోతే పగిలిపోకుండా గ్యాస్‌ని బయటికి వదిలేసే బర్స్ట్ డిస్క్ ఉంటుంది, పైపు తెగి గ్యాస్ ఒక్కసారిగా దూసుకొస్తే అడ్డుకునే వాల్వు ఉంటుంది, ఇంజిన్ ఆపగానే సొలనాయిడ్, అంటే కరెంటుతో పనిచేసే వాల్వు, మూసుకుంటుంది. సిలిండర్ మీద చేత్తో తిప్పి కట్టేసే వాల్వు కూడా ఉంటుంది, అది ఎక్కడుందో, ఎటు తిప్పాలో ఇంట్లో బండి నడిపే ప్రతి ఒక్కరికీ చూపించండి. మా ఆవిడకి మొదటి వారమే చూపించాను.

గ్యాస్ స్వభావం కూడా కొంత మన వైపే ఉంది. సీఎన్‌జీలో ఎక్కువ భాగం మీథేన్, గాలి కంటే తేలిక, లీకైతే పైకి పోయి చెదిరిపోతుంది. పెట్రోలు ఆవిరి 250, 280 డిగ్రీల దగ్గర తనంతట తానే అంటుకుంటే దీనికి 540 డిగ్రీల దాకా కావాలి. ఈ అంకె చూసి మరీ ధైర్యం తెచ్చుకోకండి, వైరు స్పార్క్ తగిలితే రెండూ అంటుకుంటాయి. గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య కలిసినప్పుడే మీథేన్ మండుతుంది, ఆరుబయట లీకైతే ఆ పాళ్ళు ఎక్కువసేపు నిలవవు. మూసిన షెడ్డులోనో, గాలాడని సెల్లార్లోనో అయితే స్లాబు కింద పేరుకునే అవకాశం ఉంది. ఎల్‌పీజీ దీనికి పూర్తిగా రివర్స్, గాలి కంటే బరువు, కిందకి దిగి నేలబారున పాకుతుంది, 2 శాతం ఉన్నా చాలు మండడానికి. అపార్ట్‌మెంట్ సెల్లార్లో ఎల్‌పీజీ బండి లీకైతే అది పోవడానికి దారే ఉండదు. రెండిటినీ "గ్యాస్ బండి" అని ఒకే గాటన కట్టేస్తే కష్టం. సరైన ట్యాంకు, అనుమతి ఉన్న కిట్‌తో ఆటో ఎల్‌పీజీ వాడటం వేరే విషయం. వంటింటి ఎర్ర సిలిండర్‌ని వెనక సీటు కింద తోసి పైపు తగిలించి పిల్లల్ని స్కూలుకి దింపిన ఓమ్నీ వ్యాన్లు ఒకప్పుడు మన ఊళ్ళలో ఎన్నో తిరిగాయి. అది చట్టవిరుద్ధం, పైగా పిచ్చితనం. ఆ సిలిండర్ నిలబెట్టి పొయ్యికి వాడటానికి చేసింది, కుదుపుల్లో పడుకోబెట్టి ఇంజిన్‌కి ద్రవం పంపడానికి కాదు.

మరి అసలు ప్రమాదం ఎక్కడ అంటే, నా లెక్కలో వైరింగ్‌లో, పైపు జాయింట్లలో, డేటు దాటిన సిలిండర్లో. బండి కొన్న వారానికే హారన్, ఎల్‌ఈడీ లైట్లు, స్పీకర్లు అంటూ యాక్సెసరీస్ షాపుకి తీసుకెళ్తాం. అక్కడ కుర్రాడు వైరు చీల్చి, మెలిపెట్టి, ఇన్సులేషన్ టేపు చుట్టి పంపిస్తాడు. పెట్రోలు బండికే అది మంచిది కాదు, గ్యాస్ బండికి అసలు వద్దు. ఒక షాపులో సబ్ ఊఫర్ కోసం డిక్కీ ఫ్లోర్‌కి డ్రిల్లు పెడతానన్నాడు, ఆ కింద నుంచే గ్యాస్ పైపు పోతోందని చెప్పి బండి వెనక్కి తిప్పుకొచ్చాను. సిలిండర్ వాల్వు చుట్టూ ఒక కవరు, దాన్నుంచి బండి కిందకి గొట్టాలు ఉంటాయి, వాల్వు దగ్గర లీకైతే గ్యాస్ క్యాబిన్లోకి రాకుండా బయటికి పోవడానికి. ఊరి నుంచి తెచ్చే బియ్యం బస్తా దాని మీద పడేసి నలిపేయకండి. ఎలుకల బెడద ఉన్న చోట పార్క్ చేసేవాళ్ళు బోనెట్ తరచూ ఎత్తి చూసుకోవాల్సిందే.

నేను మానకుండా చేసే పని సబ్బు నురగ పరీక్ష. గిన్నెలో సబ్బు నీళ్ళు గిలక్కొట్టి, పాత బ్రష్షుతో బోనెట్ కింద కనిపించే జాయింట్లకి రాస్తే లీకు ఉన్న చోట బుడగ లేస్తుంది. బండి గ్యాస్ మీద నడిపి ఆపాక చేయాలి, వేడి తగ్గనిచ్చి. బుడగ కనిపిస్తే మీరు స్పానర్ పట్టుకుని బిగించొద్దు, ఒత్తిడిలో ఉన్న జాయింటు అది. సిలిండర్ వాల్వు కట్టేసి పెట్రోలు మీద షెడ్డుకి తీసుకెళ్ళండి. వాసన వచ్చిందంటే మాత్రం పరీక్షలు పెట్టుకుంటూ కూర్చోవద్దు, గ్యాస్‌లో కుళ్ళు వాసన మందు కలిపేదే అందుకు. పక్కకి తీసి ఇంజిన్ ఆపి, అందరూ దిగి, తలుపులు బార్లా తీసి, వాల్వు కట్టేసి దూరంగా వెళ్ళి అప్పుడు ఫోన్ చేయండి.

హైడ్రో టెస్ట్ అనేది మూడేళ్ళకోసారి తప్పనిసరి. సిలిండర్ విప్పి, నీళ్ళు నింపి ఒత్తిడి పెట్టి చూస్తారు, ఎక్కువ సాగిందా, ఎక్కడైనా చెమ్మగిల్లిందా అని. పెసో, అంటే పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ, అనుమతి ఉన్న కేంద్రంలోనే చేయించాలి, సర్టిఫికెట్‌తోపాటు డేటు ఉన్న ప్లేటు ఇస్తారు. ఇది చేయకుండానే సర్టిఫికెట్ ఇచ్చేస్తామనే బేరాలు కూడా నాకు వచ్చాయి, కొద్దిగా డబ్బు, ఒకరోజు టైము మిగులుతుందని. అలాంటి చోట మిగతా పని కూడా చేయించుకోకండి. ప్లేటు మీద డేటు దాటితే బంకులో గ్యాస్ పట్టకూడదు, కొన్ని చోట్ల చూస్తారు, కొన్ని చోట్ల చూడరు, చూడని బంకు దొరికిందని సంతోషపడేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, ఎందుకంటే పక్క లైన్లో నిలబడేది మనమే.

బంకు గురించి చెప్పుకోవాల్సింది చాలా ఉంది. విజయవాడ, హైదరాబాద్, కాకినాడల్లో భాగ్యనగర్ గ్యాస్ మొదట్నుంచీ ఉంది, ఇప్పుడు చాలా జిల్లాల్లో వేరే కంపెనీల బంకులు కూడా వచ్చాయి. పైపులైన్ ఉన్న బంకుకి, లారీలో సిలిండర్లు తెచ్చి పెట్టే బంకుకి చాలా తేడా. లారీ బంకులో సరుకు తగ్గేకొద్దీ ఒత్తిడి పడిపోయి 150, 160 దగ్గర ఆగిపోతుంది, కొత్త లారీ వచ్చేదాకా నిండదు. పైగా నింపేటప్పుడు గ్యాస్ వేడెక్కి ఒత్తిడి పెరుగుతుంది, మీటరు 200 చూపించినా లోపల కిలోలు తక్కువే, చల్లబడ్డాక ముల్లు కిందకి వస్తుంది. బంకు వాడు మోసం చేశాడని గొడవపడేవాళ్ళని మే నెలలో రోజూ చూడొచ్చు. 60 లీటర్ల సిలిండర్లో మిట్టమధ్యాహ్నం పట్టించిన దానికంటే తెల్లవారుజామున పట్టిస్తే కొంచెం ఎక్కువే పడుతుంది, ఆటోల లైను కూడా తక్కువ. నింపేటప్పుడు అందరూ దిగాలి, ముసలివాళ్ళున్నారు, ఏసీ పోతుంది అని లోపల కూర్చోబెట్టొద్దు. సిలిండర్ ఏదైనా తేడా చేస్తే అప్పుడే చేస్తుంది, ఒత్తిడి పెరిగేది ఆ రెండు మూడు నిమిషాల్లోనే.

మెయింటెనెన్స్‌లో పెట్రోలు బండికీ దీనికీ తేడా చిన్న చిన్న వాటిలోనే. మీథేన్‌ని వెలిగించడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి కాబట్టి ప్లగ్గుల గ్యాప్ అరిగి పెరిగితే సెకండ్ గేర్లో జర్కు మొదలవుతుంది, అలాగే లాగిస్తే ప్లగ్గులకి కరెంటిచ్చే కాయిల్ పోతుంది. నేను 20 వేలకి దగ్గర్లో మార్చేస్తాను. ఎయిర్ ఫిల్టర్ కూడా అంతే, దుమ్ము పట్టిన ఫిల్టర్‌తో పెట్రోలు మీద ఎలాగోలా నడుస్తుంది, గ్యాస్ మీద మొరాయిస్తుంది. బంకు కంప్రెసర్ నుంచి వచ్చే ఆయిల్ చెమ్మ సీఎన్‌జీ ఫిల్టర్లో జిడ్డులా పేరుకుంటుంది, సర్వీసులో అడిగి మరీ మార్పించాలి, అడక్కపోతే చాలాచోట్ల దాని జోలికే పోరు. గ్యాస్ పొడి ఇంధనం, పెట్రోలులా వాల్వులని చల్లబరిచేది ఏమీ ఉండదు, అందుకే ఎగ్జాస్ట్ వాల్వు సీటు అరుగుదల ఎక్కువ. కంపెనీ బండ్లలో గట్టి సీట్లు వేస్తారు. అయినా సర్దుబాటు ఉన్న ఇంజిన్ అయితే టప్పెట్లు (వాల్వులని కదిపే భాగాలు) మాన్యువల్‌లో చెప్పిన టైముకి చూపించుకోండి.

కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్ళ సంగతి చాలామందికి తెలియదు. 200 బార్ నుంచి ఒక్కసారిగా ఒత్తిడి దిగేటప్పుడు గ్యాస్ విపరీతంగా చల్లబడి ఆ ఒత్తిడి తగ్గించే రెగ్యులేటర్ గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది, అందుకే ఇంజిన్ వేడి నీళ్ళు దాని చుట్టూ తిప్పుతారు. మా షెడ్డులో ఒక ట్రావెల్స్ బండి మాటిమాటికీ పెట్రోలుకి మారిపోతోందని వచ్చింది, ఓనరు కిట్టే పోయిందని ఖాయం చేసుకున్నాడు. మెకానిక్ మూత తీసి చూసి "గ్యాస్‌లో ఏం లేదు సార్, కూలెంటే లేదు" అన్నాడు. కొన్ని వందల రూపాయలతో పోయింది.

ఇంకోటి, పెట్రోలు ట్యాంకు. గ్యాస్ ఉందికదా అని ముల్లు ఎర్రగీతలో పెట్టుకుని నెలలు తిప్పేవాళ్ళున్నారు. ట్యాంకులో పంపు పెట్రోలులోనే మునిగి చల్లబడుతుంది, ఖాళీగా తిరిగితే కాలిపోతుంది. ఇప్పుడు దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, ఇథనాల్ తేమని లాక్కుంటుంది, నెలల తరబడి కదలకుండా ఉంటే నీళ్ళతో కలిసి అడుగుకి దిగుతుంది. నేను పావు ట్యాంకుకి తగ్గనివ్వను, వారంలో ఒకసారైనా కాసేపు పెట్రోలు మీద నడిపి ఇంజెక్టర్లని ఆడిస్తాను, పాతది అయ్యాకే కొత్తది పోయిస్తాను.

బయట కిట్ వేయించుకోవాలనుకునేవాళ్ళకి ఒక మాట. బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనల) బండ్లకి కూడా 2022 ఆగస్టు నుంచి అనుమతి ఉంది, కానీ మీ మోడల్‌కి అప్రూవల్ ఉన్న కిట్ అయి ఉండాలి, ఆర్‌సీలో ఇంధనం మార్పు ఎక్కించాలి, ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పి ఆ కొద్ది ప్రీమియం కట్టాలి. మా ఆఫీసులో ఒకాయన సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండికి కిట్ ఉంది గానీ ఆర్‌సీలో పెట్రోలు అనే ఉంది, చిన్న యాక్సిడెంట్ అయ్యాక క్లెయిమ్ దగ్గర నెలల తరబడి తిప్పారు. పాత గ్యాస్ బండి చూడటానికి వెళ్తే పెయింటు, టైర్లు చూసే ముందు సిలిండర్ మీద గుద్దిన నంబరు, సర్టిఫికెట్‌లో నంబరు ఒకటేనా చూడండి, బ్రాకెట్ బోల్టుల దగ్గర తుప్పుందేమో టార్చి వేసి చూడండి, తర్వాత చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి గ్యాస్‌కి మారేటప్పుడు జర్కు ఇస్తోందేమో చూసుకోండి. ఓనరు ముందే ఇంజిన్ వేడి చేసి పెట్టుంటే, రేపు పొద్దున్నే వస్తానని చెప్పి వచ్చేయండి.