స్ట్రైకా, బాయ్‌కాటా?

ఇందిరా పార్కు ధర్నాచౌక్ దగ్గర ఒక ఫ్లెక్సీ మీద ఈ రెండు మాటల్నీ ఒకే అర్థంలో వాడారు. నాకు మనసొప్పలేదు.

స్ట్రైక్ అంటే సమ్మె, పని ఆపేయడం. 1768లో లండన్ నావికులు తెరచాపలు దించేసి ఓడల్ని కదలనివ్వలేదు. ఆ దించడంలోంచే ఈ మాట పుట్టింది. 2019లో మన ఆర్టీసీ కార్మికులు 50 రోజులకు పైగా స్టీరింగ్ ముట్టలేదే, అది స్ట్రైక్. జీతం పోతుందని తెలిసే దిగుతారు.

బాయ్‌కాట్ వేరు, అది వెలి. అసలది ఒక మనిషి ఇంటిపేరు! 1880లో ఐర్లండ్‌లో కౌలురైతుల్ని ఖాళీ చేయించబోయిన ఎస్టేటు ఏజెంటు కెప్టెన్ బాయ్‌కాట్‌. కూలీలు అతని పొలంలోకి రాలేదు, కొట్లవాళ్లు సరుకు అమ్మలేదు. ఊరు ఊరంతా మొహం తిప్పేసుకుంది.

లాయర్లు కోర్టుకెళ్లకపోతే పేపర్లు ‘విధుల బహిష్కరణ’ అంటాయి. నన్నడిగితే అదీ సమ్మే.