ఫినాల్ నీళ్లకు ఏది మేలు: ఏరేషన్ ట్యాంకా, ఎంబీబీఆరా?

రెజిన్, బల్క్‌డ్రగ్ యూనిట్లలో ఈటీపీ (వ్యర్థజలాల శుద్ధి ప్లాంటు) చూసుకునే మిత్రులు తరచూ అడిగే ప్రశ్న ఇది. ఏరేషన్ ట్యాంకులో గాలి ఊదుతూ బ్యాక్టీరియా బురదతో నీళ్లు శుద్ధిచేసే పాత యాక్టివేటెడ్ స్లడ్జ్‌తోనే నెట్టుకురావాలా, బ్యాక్టీరియా పొరగా పెరిగే చిన్న ప్లాస్టిక్ ముక్కలు (మీడియా) ట్యాంకులో పోసి ఎంబీబీఆర్‌కి మారాలా? కొటేషన్ తెచ్చేవాళ్లు స్థలం కలిసొస్తుందంటారు, సీఓడీ (నీళ్లలోని కాలుష్యానికి కొలత) ఎంత శాతం తగ్గుతుందో చెబుతారు. నేను మాత్రం ఒక్కటే చూస్తాను: రియాక్టర్ కడిగిన రోజు వచ్చే నీళ్లను ఏది తట్టుకుంటుంది?

ఫినాల్ అనే రసాయనం కొద్దిగా ఉంటే బ్యాక్టీరియాకు తిండి, మోతాదు మించితే విషం. ట్యాంకంతా బాగా కలుస్తుంటే లీటరుకు 500 మిల్లీగ్రాములతో వచ్చిన ఫినాల్ కూడా పడగానే పలచబడుతుంది, బ్యాక్టీరియాకు తగిలేది స్వల్పమే. పొడవాటి కాలువలాంటి ట్యాంకులో ఇన్‌లెట్ దగ్గరున్న స్లడ్జ్ మీద దెబ్బంతా పడుతుంది. కాబట్టి మీ ట్యాంకులో నీళ్లు ఎలా కలుస్తున్నాయో ముందు చూడండి, పద్ధతి సంగతి తర్వాత.

ఎంత కలిసినా ఏదో ఒక రోజు షాక్ లోడ్ (ఒక్కసారిగా వచ్చిపడే ఘాటైన నీళ్లు) తప్పదు. మర్నాడు ఏరేషన్ ట్యాంకు మీద తెల్లటి నురగ. ట్యాంకు నీళ్లను లీటరు సిలిండర్లో అరగంట ఉంచినా పైనీళ్లు తేటపడవు. మంచి స్లడ్జ్‌లో ఉండే సూక్ష్మజీవులు వోర్టిసెల్లా, రోటిఫర్లు మైక్రోస్కోపులో కనబడవు. విడిపోయిన స్లడ్జ్ క్లారిఫైయర్ (బురద అడుక్కి దిగే తొట్టి) మీదుగా బయటికి పోతుంది. ఇక బ్యాక్టీరియాను మళ్లీ పెంచడానికి పేడనీళ్లు, పక్క ప్లాంటు స్లడ్జ్, యూరియా, డీఏపీ... వారాల పని.

ఎంబీబీఆర్‌లో ఆ దెబ్బ మీడియా మీద పెరిగిన బ్యాక్టీరియా పైపొరకే ఎక్కువ తగులుతుంది. లోపొరలు చాలావరకు బతుకుతాయి, మీడియాకు అంటుకునే ఉంటాయి కనుక కొట్టుకుపోవు. అందుకే నా మొగ్గు దానివైపే. ఘనపు మీటరు కే1 రకం మీడియాలో బ్యాక్టీరియా నిలిచే ఉపరితలం దాదాపు 500 చదరపు మీటర్లు.

కరెంటు బిల్లు మాత్రం పెరుగుతుంది. పొర లోపలికి ఆక్సిజన్ దిగాలి కదా, ఏరేషన్ ట్యాంకులో డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) లీటరుకు 2 మిల్లీగ్రాములు చాలిన చోట ఇక్కడ 3, 4 ఉంచాలి. కొత్త మీడియా నున్నగా ఉంటుంది. లోపలి గదుల్లో గోధుమరంగు పొర కట్టకముందే పూర్తి లోడ్ ఇస్తే డబ్బు దండగ.

బొగ్గును కోక్‌గా మార్చే కోక్ ఓవెన్ల నీళ్లయితే ఇంకో తిరకాసు. వాటిలోని థయోసయనేట్ విరిగినప్పుడు అమ్మోనియా పుడుతుంది. దాన్ని తినే నైట్రిఫయర్లు అనే బ్యాక్టీరియా మెల్లగా పెరుగుతాయి, ఫినాల్‌కు ముందు దెబ్బతినేదీ అవే. మొదటి ట్యాంకులో ఫినాల్ పని ముగించి, రెండో దాంట్లో మీడియా మీద వీటిని పెంచడం మంచిది.

ఒకే ట్యాంకులో దఫాలుగా నింపి శుద్ధిచేసే ఎస్‌బీఆర్ అయితే గాలి ఆడిస్తూ మెల్లగా నింపాలి, ఒక్కసారి గుమ్మరిస్తే అంతే. మెంబ్రేన్‌తో వడకట్టే ఎంబీఆర్ నీళ్లు అద్దంలా ఇస్తుంది గానీ తారు, నూనె ఉన్నచోట మెంబ్రేన్లు కడుక్కోలేక చస్తాం. గాలి లేకుండా పనిచేసే యూఏఎస్‌బీ తొందరున్నవాళ్లకు కాదు.

ట్యాంకు గట్టిగా ఉండి ఈక్వలైజేషనే (వచ్చే నీళ్లను కలిపి సమం చేసే ముందు తొట్టి) చిన్నదైతే ముందు దాన్ని పెంచండి. తర్వాత అదే ట్యాంకులో జల్లెడ కట్టి మీడియా పోసి, క్లారిఫైయర్ నుంచి స్లడ్జ్ రిటర్న్ కూడా కొనసాగించొచ్చు. వాగులోకి వదిలే నీళ్లలో ఫినాల్ పరిమితి లీటరుకు 1 మిల్లీగ్రామే. పూర్తి ఎంబీబీఆరే పెడితే, మీడియా నుంచి ఊడే పొర సన్నగా ఉండి సరిగా దిగదు. దానికి క్లారిఫైయర్ సరిపోతుందా, డీఏఎఫ్ (గాలిబుడగలతో బురదను పైకి తేల్చే యూనిట్) కావాలా అన్నది ఆర్డర్ ఇచ్చేముందే కాగితం మీద రాయించుకోండి.