పదిమందికి ఒక ఇల్లు: కొత్త తరహా సంరక్షణ గృహంపై ఒక సమీక్ష

మా అమ్మ ఉంటున్న వృద్ధుల సంరక్షణ గృహం గురించి, అలాంటి చోటు కోసం వెదుకుతున్న కుటుంబాలకు పనికొస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను. సంస్థ పేరు చెప్పడం లేదు. "చిన్న ఇళ్ల పద్ధతి" అన్న మాట ఇప్పుడు చాలా సంస్థల ప్రకటనల్లో కనిపిస్తోంది కాబట్టి, ఆ పద్ధతి ఆచరణలో ఎలా ఉంటుందో తెలుసుకోవడమే చదివేవారికి ఎక్కువ అవసరం.

పొడవాటి వరండా, దానికి అటూ ఇటూ గదులు, మధ్యలో నర్సుల కౌంటరు ఉండే పాత తరహా భవనాన్ని వీరు పూర్తిగా వదిలేశారు. దాని బదులు పదిమందికి ఒకటి చొప్పున విడివిడిగా ఇళ్లు కట్టారు. ప్రతి ఒక్కరికీ సొంత గది, సొంత స్నానాలగది ఉంటాయి. గది తలుపు తీస్తే నేరుగా హాలు, హాలును ఆనుకుని వంటిల్లు. అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో, టుపెలో పట్టణంలో 2003లో మొదలైన, "గ్రీన్ హౌస్" అనే పేరుగల వృద్ధుల ఇళ్లు ఈ పద్ధతికి మూలం. వాటి వెనక ఉన్న వైద్యుడు బిల్ థామస్ అంతకు చాలా ముందే, 1990ల ఆరంభంలో, న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక నర్సింగ్ హోమ్‌లోకి కుక్కలను, పిల్లులను, వందకు తక్కువ కాకుండా చిలుకలను తీసుకొచ్చి, అక్కడివారిని జబ్బులతో సమానంగా ఒంటరితనం, నిస్సహాయత, విసుగు కుంగదీస్తున్నాయని వాదించారు. నెదర్లాండ్స్‌లోని వేస్ప్‌లో 2009లో ప్రారంభమైన హోగెవైక్ అనే సంరక్షణ గ్రామం ఇదే ఆలోచనను ఇంకా ముందుకు తీసుకెళ్లింది. అక్కడ డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్షీణించే స్థితి) ఉన్నవారు ఆరేడుగురు చొప్పున ఒక్కో ఇంట్లో ఉంటారు. వీధులు, సూపర్ మార్కెట్, రెస్టారెంట్, థియేటర్ అన్నీ ఆ ఆవరణలోనే ఉన్నందువల్ల ఎవరూ వెంట లేకుండా బయట తిరగగలుగుతారు.

మా అమ్మ ఉన్న చోట భవన నిర్మాణానికి నేను పూర్తి మార్కులు వేస్తాను. అందుకు స్నానాలగది ఒక్కటి చూస్తే చాలు. మంచం మీద పడుకున్న మనిషికి, తలుపు తెరిచి ఉంటే, కమోడ్ సూటిగా కనిపించేలా గదిని అమర్చారు. జ్ఞాపకశక్తి తగ్గినవారు రాత్రిపూట నిద్రలేచినప్పుడు బాత్రూం ఎక్కడుందో గుర్తుచేసుకోవలసిన అవసరం లేకుండా అది కళ్లెదుట ఉండటమే దీని ప్రయోజనం. గోడా నేలా తెల్లగా ఉన్నచోట తెల్లటి సీటు చూపు మందగించినవారికి ఆనదు కనుక ముదురు నీలం సీటు బిగించారు. నేలకు మెరుపు లేని పలకలు వేశారు. మెరిసే నేల తడిసినట్టు కనిపించి పెద్దవారు అడుగు వేయడానికి జంకుతారు. గుమ్మాల దగ్గర నల్లటి పట్టాలు పరచకపోవడానికీ కారణం ఉంది, డిమెన్షియా ఉన్నవారికి అవి గోతుల్లా కనిపించవచ్చు. వయసు పెరిగేకొద్దీ కంటి కటకం పసుపుబారి లోపలికి చేరే వెలుతురు బాగా తగ్గుతుంది కాబట్టి, మనకు ఎక్కువనిపించేంత కాంతినిచ్చే దీపాలు పెట్టారు. భోజనానికి ముదురు రంగు పళ్లేలు వాడతారు. అల్జీమర్స్ బాగా ముదిరిన కొద్దిమందితో బోస్టన్‌లో జరిగి 2004లో వెలువడిన ఒక పరిశోధనలో, స్పష్టమైన రంగు తేడా ఉన్న పాత్రల్లో వడ్డించినప్పుడు తిండి పావు వంతు పెరిగినట్టు తేలింది. అందులో పాల్గొన్నవారి సంఖ్య చిన్నది. అయినా పళ్లెం రంగు మార్చడం కష్టమైన పనేమీ కాదు.

నిర్వహణ విషయంలో ఇంత సంతోషంగా రాయలేను. అమ్మ చేరిన కొత్తలో తెల్లవారకముందే ఆమెను లేపి స్నానం చేయించేవారు. రాత్రి షిఫ్టువారు దిగిపోయేలోగా అందరి స్నానాలూ ముగియాలన్నది నియమం. భవనం కొత్తదే గాని వేళలు మాత్రం పాత భవనం నుంచి వచ్చినవే. కొన్ని కుటుంబాలం కలిసి అడిగిన తరువాత స్నానం బాధ్యతను పగటి షిఫ్టుకు మార్చారు. ఇప్పుడు అమ్మ తనకు మెలకువ వచ్చినప్పుడు లేస్తుంది, స్నానం ఇప్పుడా తరువాతా అన్నది ఆమెనే అడుగుతారు. ఈ మార్పుకు ఒక్క ఇటుక కదల్చలేదు, ఒక్క రూపాయి అదనంగా ఖర్చు కాలేదు, కాని ఆమె మాటతీరులోనూ ఆకలిలోనూ నాకు కనిపించిన తేడా ఆ అందమైన గది తెచ్చిన తేడాకంటే పెద్దది. మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎలెన్ లాంగర్, జూడిత్ రోడిన్ 1976లో ప్రచురించిన ప్రసిద్ధ ప్రయోగం కూడా ఇటువంటిదే. ఒక సంరక్షణ గృహంలో ఒక అంతస్తువారికి చిన్న చిన్న నిర్ణయాలు వారికే వదిలి, ఒక మొక్కను పెంచుకోమని ఇచ్చారు. మరో అంతస్తులో ఆ బాధ్యతంతా సిబ్బందే చూసుకున్నారు. మొదటి అంతస్తువారు ఎక్కువ చురుకుగా, ఉత్సాహంగా కనిపించారు.

మెచ్చుకోవలసిన మరో విషయం, వంట చేసేవారు, స్నానం చేయించేవారు, గదులు సర్దేవారు వేరువేరుగా లేకపోవడం. ఒక్కో ఇంటికి కేటాయించిన కొద్దిమందే అన్ని పనులూ చేస్తారు, నర్సు మాత్రం మందులు, పుళ్లకు కట్లు వంటివాటికి బయటి నుంచి వస్తారు. దీనివల్ల అమ్మ ఒంటిమీద చెయ్యి వేసేది రోజూ తెలిసిన మనిషే అవుతుంది. ఆమె ఎడమ భుజం పైకి లేవదని, చొక్కా ముందు ఆ చేతికే తొడగాలని వారికి ఎవరూ చెప్పనవసరం లేదు.

అయితే శని, ఆదివారాల్లో ఈ వ్యవస్థ చెదిరిపోతుంది. ఆ రెండు రోజులూ ఏజెన్సీ నుంచి తాత్కాలిక సిబ్బంది వస్తారు, ఇంట్లో వంట ఆగిపోతుంది, భోజనం ఎక్కడి నుంచో డబ్బాల్లో దిగుతుంది. పొయ్యి వెలగని ఇంట్లో పోపు వాసన ఉండదు, వంటగట్టు దగ్గర కూర్చుని కూరలు తరగడంలో సాయపడే అవకాశమూ పెద్దలకు ఉండదు. ఏ వంటింటిని చూపించి మమ్మల్ని ఒప్పించారో ఆ వంటింటినే వారానికి రెండు రోజులు మూసేయడాన్ని చిన్న లోపంగా నేను పరిగణించలేను.

పరుపు కింద కదలికలను పసిగట్టే సెన్సర్ పెట్టారు. దానివల్ల గంటగంటకూ తలుపు తీసి టార్చి వేసి చూడటం తప్పింది, నిద్ర చెడడం లేదు. ఈ ప్రయోజనం నిజమైనదే. కాని దాని సంగతి చేర్పించే సమయంలో సంతకం పెట్టిన కాగితాల మధ్య ఒక వాక్యంగా ఉంది తప్ప అమ్మకు ఎవరూ నోటితో చెప్పలేదు. ఆమె పరుపు కింద ఏం పెడుతున్నారో వినే హక్కు మొదట ఆమెది.

నెదర్లాండ్స్‌లోని డెవెంటర్‌లో హుమానిటాస్ అనే గృహం విద్యార్థులకు అద్దె లేకుండా గదులిచ్చి, బదులుగా నెలకు 30 గంటలు పెద్దలతో గడపమంటుంది. ఇక్కడివారు దాన్ని ఆదర్శంగా చెప్పుకుంటారు గాని ఇక్కడ జరిగేది అప్పుడప్పుడు విద్యార్థులు గుంపుగా వచ్చి వెళ్లడమే. ఒకే కప్పు కింద ఉండేవారికి ఏర్పడే చనువు అలా రాదు.

చిన్న ఇళ్ల పద్ధతిలో ఖర్చు ఎక్కువ. పదిమంది కోసమే అయినా రాత్రంతా ఒకరు మేలుకుని ఉండాలి మరి. ఆ ఖర్చుకు తగిన ఫలితం దక్కాలంటే చేర్చే ముందు రెండు కాగితాలు అడిగి తీసుకోండి. గడచిన నెల డ్యూటీ చార్టు మొదటిది. అందులో ఒక ఇంటికి ఎన్ని కొత్త పేర్లు వచ్చాయో లెక్కపెట్టండి. మనిషి పూర్తిగా మంచం పట్టినా అదే గదిలో ఉంచుతామన్న రాతపూర్వక హామీ రెండవది. మాకు ఆ హామీని అడిగిన తరువాతే ఇచ్చారు, అడగని కుటుంబాల ఒప్పందాల్లో అది లేదు.